దసరా పార్శిళ్లు కట్టే ముందు: పాత వస్తువులు అమ్మేవాళ్లకు ఇన్సూరెన్స్ జాగ్రత్తలు

కోస్తాలో బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతారు. మన తిరుపతి, చిత్తూరు వైపు చాలా ఇళ్లలో దసరాకే. అందుకే వినాయక చవితి దాటిందంటే పాత మరపాచి జంటలు (చెక్కతో చేసిన రాజా రాణీ బొమ్మలు), తంజావూరు పటాలు, ఇత్తడి దీపపు సెమ్మెలు, పింగాణి బొమ్మలు ఆన్‌లైన్‌లో బాగా కదులుతాయి. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఆర్డర్లే ఎక్కువ. సరిగ్గా ఆ రోజుల్లోనే కొరియర్ గోడౌన్లు పండగ పార్శిళ్లతో నిండిపోతాయి. దసరా వెళ్లిందనుకునేలోపు ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు రోడ్లు తెగి, రైళ్లు ఆగి, ఎక్కడి సరుకు అక్కడే ఉండిపోయిన సంగతి ఇక్కడి వ్యాపారులెవరూ మర్చిపోలేదు. కొత్త మిక్సీ పగిలితే ఇంకో మిక్సీ పంపిస్తాం. ఎనభై ఏళ్ల పటం పగిలితే ఇంకోటి ఎక్కడినుంచి తెస్తాం? డబ్బయినా చేతికి రావాలంటే సీజన్ మొదలవకముందే కాగితాలు సరిచూసుకోవాలి.

కొరియర్ కౌంటర్లో కుర్రాడు "ఇన్సూరెన్స్ కూడా ఏసేసినా న్నా, ఏం గాదులే" అంటాడు. వాడు అబద్ధం చెప్పడు, కానీ వాడు వేసింది ఇన్సూరెన్స్ కాకపోవచ్చు. ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులున్నాయి. రశీదు మీద సరుకు విలువ రాయడం ఒకటి. దానివల్ల ఆ విలువ మీకు తిరిగి వస్తుందన్న హామీ ఏమీ లేదు. విలువ మీద కొంత శాతం అదనంగా కట్టించుకుని, పోతే బాధ్యత మాదే అని కొరియర్ ఒప్పుకోవడం రెండోది. దీన్నే క్యారియర్ రిస్క్ అంటారు. బిల్లులో 'ఎఫ్‌ఓవీ' (ఫ్రైట్ ఆన్ వాల్యూ) అని కనిపించే చార్జీ సాధారణంగా దీనికే. ఇన్సూరెన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే ట్రాన్సిట్ పాలసీ, అంటే రవాణాలో జరిగే నష్టానికి బీమా, మూడోది. కౌంటర్లో కుర్రాడి దగ్గర డబ్బు కట్టి రశీదు తీసుకున్నాక పాలసీ నంబరు అడగండి. నంబరు చెప్పలేకపోతే అది పాలసీ కాదు. రశీదు మీద 'ఓనర్స్ రిస్క్' (పోతే నష్టం సరుకు యజమానిదే) దగ్గర టిక్కు పడి ఉందేమో కూడా చూడండి. చాలా చోట్ల ముందే అచ్చు వేసి ఉంటుంది.

అదనపు రిస్క్ చార్జీ కట్టకపోతే ఏమవుతుందో చట్టంలోనే ఉంది. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం 2011 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొరియర్ ఏజెన్సీలు కూడా దీని కిందికి వస్తాయి. ఎక్కువ రిస్క్ రేటు కడతామని మీరు స్పష్టంగా ఒప్పుకోకపోతే, సరుకు పోయినా పాడైనా రవాణాదారు బాధ్యత మీరు కట్టిన కిరాయికి పదింతల వరకే. పద్దెనిమిది వేల మరపాచి జంటకి 420 రూపాయల కిరాయి కట్టారనుకోండి. మహా అయితే 4,200 వస్తాయి. అదైనా నోరు తెరిచి అడిగితేనే. బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే ఆ తర్వాత కోర్టుకెక్కే దారి కూడా మూసుకుపోతుంది. ఇక్కడ మెలిక ఏంటంటే, లెక్క మొదలయ్యేది పార్శిల్ పోయిందని మీకు తెలిసిన రోజు నుంచి కాదు. "వెతుకుతున్నాం సార్, వచ్చే వారం చెప్తాం" అని తిప్పుతూ నాలుగైదు నెలలు గడిపేసే ఆఫీసులున్నాయి. కస్టమర్ కేర్‌కి చేసిన ఫోన్లు నోటీసు కింద లెక్కలోకి రావు.

పోస్టాఫీసు సంగతి వేరు. ఆ చట్టం ప్రభుత్వానికి వర్తించదు. మామూలు స్పీడ్ పోస్ట్‌లో వస్తువు పోతే వచ్చే పరిహారం, కట్టిన చార్జీకి రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, రెంటిలో ఏది తక్కువైతే అది. విలువైన నాణెమో స్టాంపుల ఆల్బమో పంపేటప్పుడు కౌంటర్లో ఇన్సూర్ చేయమని విడిగా అడిగి, విలువ రాయించి, దానికి చార్జీ కట్టాలి. అడగనిదే వాళ్లంతట వాళ్లు వేయరు.

ఇంకో చిక్కు, అసలు పాత వస్తువులంటేనే చాలా కొరియర్లు చేతులెత్తేస్తాయి. రశీదు వెనక చీమతలకాయంత అక్షరాల్లో నగదు, నగలు, కళాఖండాలు, పురాతన వస్తువులు బుక్ చేయకూడదనో, చేసినా మా బాధ్యత లేదనో రాసి ఉంటుంది. ఫెడెక్స్ లాంటి పెద్ద సంస్థ కూడా అమెరికా నిబంధనల్లో పురాతన వస్తువులకు ప్రకటించగలిగే విలువను 1,000 డాలర్ల దగ్గర ఆపేసింది. మన దగ్గర కొందరు దీన్ని తప్పించుకోడానికి రశీదులో 'గృహోపకరణాలు', 'గిఫ్ట్ ఐటమ్' అని రాయిస్తారు. పార్శిల్ క్షేమంగా చేరినన్ని రోజులూ ఇది బాగానే ఉంటుంది. పగిలిన రోజున మాత్రం మీ పాలసీలో 'తంజావూరు పటం' అనీ రశీదులో 'గిఫ్ట్' అనీ చూసి, నష్టం అంచనా వేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్ మొదట పట్టుకునేది ఆ తేడానే. బిల్లు, రశీదు, పాలసీ, యాభై వేలు దాటిన సరుకైతే ఈ-వే బిల్లు, అన్నిట్లో వస్తువు పేరూ విలువా ఒకటే ఉండాలి. పన్ను కోసం బిల్లులో నాలుగు వేలు, ఇన్సూరెన్స్ కోసం నలభై వేలు అంటే ఏ కంపెనీ ఇవ్వదు. నన్నడిగితే ఇవ్వకపోవడమే సరైంది.

పాలసీ తీసుకునేటప్పుడు

దేశంలోపల రవాణాకి ఇచ్చే పాలసీలు ఇన్‌ల్యాండ్ ట్రాన్సిట్ క్లాజ్ ఏ, బీ, సీ అని మూడు రకాలు. సీ అంటే నిప్పు, పిడుగు మాత్రమే. బీ అయితే బండి బోల్తా పడటం, గుద్దుకోవడం లాంటివి కొన్ని కలుస్తాయి. దొంగతనం, పెట్టె కింద పడేయడం, వాన నీళ్లు, ఇవన్నీ కావాలంటే 'ఏ' ఒక్కటే దారి. ప్రీమియం తక్కువని ఏజెంటు బీ అంటగడితే, పింగాణి పంపేవాళ్లకి అది ఉన్నా లేనట్టే. మన సరుకు పోయేది బండి బోల్తా పడి కాదు, గోడౌన్లో పెట్టె విసిరేసినప్పుడు.

క్లాజ్ 'ఏ' తీసుకున్నా కొన్నిటికి పైసా రాదు. ఆలస్యం వల్ల నష్టం అందులో ఒకటి. దసరా పాడ్యమికి చేరాల్సిన బొమ్మలు విజయదశమి మర్నాడు చేరి, కొన్నవాళ్లు వెనక్కి పంపితే ఆ నష్టం మీదే. వస్తువు స్వభావం వల్ల వచ్చే పాడు రెండోది. తేమకి పాత చెక్క ఉబ్బి చీలినా, ఇత్తడికి చిలుము పట్టినా ఈ మాటే చెప్తారు. మూడోది, చాలా క్లెయిములు కూలిపోయేది, ప్యాకింగ్ సరిగా లేకపోవడం.

వీటితో పాటు పాత వస్తువులకి మాత్రమే తగిలే ఇబ్బందులు మూడున్నాయి. వాడిన వస్తువులకి క్లాజ్ 'ఏ' ఇవ్వం, పూర్తిగా పోతేనే ఇస్తాం అని కొన్ని కంపెనీలు షరతు పెడతాయి. ముందే అడిగి మెయిల్‌లో రాయించుకోండి. జంటలు, సెట్ల సంగతి ఇంకొకటి. మరపాచి రాజా రాణీలలో రాణి చెయ్యి విరిగితే, మనకి జంట మొత్తం పోయినట్టే. పాలసీలో మాత్రం విరిగిన బొమ్మ వాటా వరకే అని ఉంటుంది. ఇక మూడోది మరమ్మతు. విరిగిన చెయ్యి అతికించడానికి ఆరు వందలైతే ఆరు వందలే ఇస్తారు. అతుకు పడ్డ బొమ్మ ధర సగానికి పడిపోయిందని మీరు ఎంత మొత్తుకున్నా, విలువ తగ్గుదల కూడా ఇస్తామని పాలసీలో లేకపోతే రాదు. ఖరీదైన వస్తువులు తరచుగా పంపేవాళ్లు జంట మొత్తానికి, విలువ తగ్గుదలకి డబ్బిచ్చే షరతులు రెండూ విడిగా అడిగి చేర్పించుకోవడం మేలు. ప్రీమియం పెరుగుతుంది, పెరగనివ్వండి.

విలువ దగ్గర ఎక్కువమంది పొరపాటు పడతారు. యాభై వేల పటానికి ప్రీమియం మిగుల్చుకుందామని ఇరవై వేలకే ఇన్సూర్ చేశారనుకుందాం. ముప్పై వేల నష్టం జరిగితే ఇరవై వేలన్నా వస్తాయనుకుంటారు. రావు. ఐదింట రెండు వంతులకే ఇన్సూర్ చేశారు కాబట్టి నష్టంలోనూ ఐదింట రెండు వంతులే, అంటే పన్నెండు వేలు. మిగతాదానికి మీకు మీరే బీమాదారు అని 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం చెప్తుంది. రోడ్డు మీద పోయే సరుకుకి మెరైన్ ఏంటని అనుకోవద్దు, ట్రాన్సిట్ పాలసీలు ఆ విభాగం కిందే ఇస్తారు. ఇంత విలువ అని ముందే ఒప్పుకున్న పాలసీ దొరికితే అదే తీసుకోండి. ఆ విలువకి ఆధారంగా మీరు కొన్న బిల్లు, అలాంటి వస్తువే అంతకుముందు అమ్మిన బిల్లు, తెలిసినవాళ్లు రాసిచ్చిన విలువ పత్రం, వీటిలో ఏదైనా పంపకముందు తేదీతో ఉండాలి. పగిలాక తెచ్చిన విలువ పత్రాన్ని ఎవరూ పట్టించుకోరు.

కట్టేటప్పుడు

తంజావూరు పటాన్నే తీసుకోండి. సుద్ద, జిగురు కలిపి ఉబ్బెత్తుగా చేసిన పని మీద బంగారు రేకు, రాళ్లు. పైన అద్దం. పగిలేది అద్దమే, కానీ అద్దం ముక్కలు గీరుకుపోయి పాడయ్యేది రేకు. కొన్నవాళ్లు ఒప్పుకుంటే అద్దం తీసేసి పంపడం మేలు. లేదంటే అద్దం మీద అడ్డదిడ్డంగా టేపు వేయండి, పగిలినా ముక్కలు చెదరవు. అద్దం లేని పటానికి బటర్ పేపరు, దాని మీద మెత్తటి నూలు బట్ట, ఆ తర్వాతే బబుల్ రేపర్. బుడగలు బయటి వైపుకి ఉండాలి, లోపలికి ఉంటే వేడికి గుండ్రటి మచ్చలు పడతాయి. నాలుగు మూలలకి అట్ట తొడుగులు, ముందూ వెనకా పలుచటి ప్లైవుడ్, ఒక పెట్టె. ఆ పెట్టె చుట్టూ రెండంగుళాలు వదిలి, మధ్యలో నింపి, ఏడు పొరల అట్టపెట్టెలో ఇంకోసారి. ఊపితే చప్పుడు రాకూడదు. వానాకాలం కాబట్టి లోపలి పెట్టెకి పాలిథిన్ కవరు, అందులో సిలికా జెల్ పొట్లాలు. దీపపు సెమ్మెలైతే మరలు విప్పి ఏ భాగానికి ఆ భాగం విడిగా చుట్టండి.

ఇదంతా ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా తీయండి. మొదట వస్తువు, పాత పగుళ్లూ గీతలూ దగ్గరగా చూపించి, ఆ తర్వాత ప్యాకింగ్, తూకం మీద బరువు కనిపించేలా పెట్టె, చివరికి అంటించిన లేబుల్. పాత పగులు వీడియోలో ఉంటే కొత్త పగులు ఏదో సర్వేయర్‌కి మీరు వాదించి చెప్పక్కర్లేదు. గోడౌన్లో రెండు రోజులు అనవసరంగా పడి ఉండకుండా సోమ, మంగళవారాల్లో బుక్ చేయండి. తుఫాను హెచ్చరిక ఉంటే రెండు రోజులు ఆగండి. వరద వల్ల పాడైతే దైవాధీనం అని రవాణాదారు తప్పుకోడానికి చట్టంలో చోటుంది. రవాణాదారు తగిన జాగ్రత్త పడి ఉంటే తప్పే నష్టమైతే మాత్రం ఆ సాకు చెల్లదు.

పంపకూడనివి

మన ప్రాంతం కాబట్టి దీన్ని విడిగా చెప్పాలి. పాత మరపాచి బొమ్మల్లో చాలావరకు ఎర్రచందనం. శేషాచలం అడవుల చెట్టు. దాని అక్రమ రవాణాని అడ్డుకోడానికి తిరుపతిలోనే ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ ఉంది. అమ్మమ్మ కాలం నాటి బొమ్మే అయినా, ఎక్కడినుంచి వచ్చిందో కాగితం లేకుండా పార్శిల్ పెట్టొద్దు. ముందు అటవీ శాఖ ఆఫీసులో అడగండి. విదేశాలకైతే ఆ ఆలోచనే వద్దు. ఏనుగు దంతం ఎంత పాతదైనా అమ్మకం నేరమే. వందేళ్లు దాటిన కళాఖండాలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు. లైసెన్సున్నా దేశం దాటించకూడదు. అంత పాతది కానిదాన్ని అమెరికాలో ఉన్న బంధువులకి పంపాలన్నా పురావస్తు శాఖ నుంచి ఇది పురాతన వస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. అధికారులు పట్టుకున్న సరుకుకి కొరియర్ బాధ్యత ఉండదు, ఇన్సూరెన్స్ రాదు. పైగా కేసు.

పగిలిందని ఫోను వస్తే

కొన్నవాళ్లకి ముందే ఒక మెసేజ్ పెట్టి ఉంచండి: పెట్టె నొక్కుకుపోయినా తడిసినా డెలివరీ కాగితం మీద ఆ మాట రాసి సంతకం పెట్టమని, తెరిచేటప్పుడు వీడియో తీయమని, అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ ఏదీ పారేయొద్దని. సర్వేయర్ చూసేదాకా అతికించొద్దు, తుడవొద్దు. ఇన్సూరెన్స్ కంపెనీకి అదే రోజు మెయిల్, కొరియర్‌కి అదే రోజు రాతపూర్వకంగా నోటీసు.

ఆ తర్వాతే అసలు గండం. కొరియర్ వాళ్లు "ఎందుకు సార్ గొడవ, మూడు వేలు ఇస్తాం, ఇక్కడో సంతకం పెట్టండి" అంటారు. అది పూర్తి పరిష్కారం కింద రాసిన కాగితం. మీకు డబ్బిచ్చాక కొరియర్ మీద దావా వేసే హక్కు ఇన్సూరెన్స్ కంపెనీకి వస్తుంది. మీరు సంతకం పెట్టి ఆ హక్కు వదిలేస్తే, కంపెనీ మీ క్లెయిమ్ కొట్టేయడానికి అదొక్కటి చాలు. మూడు వేలకి నలభై వేలు వదులుకున్నట్టు. ఇన్సూరెన్స్ కంపెనీని అడక్కుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. కొన్నవాళ్లకి డబ్బు వెనక్కి ఇచ్చేస్తే ఆ బ్యాంకు ఆధారం కూడా ఫైల్లో పెట్టండి, నష్టపోయింది మీరేనని చూపించాలి కదా.

క్లెయిమ్ కొట్టేస్తే కారణం రాతలో అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, సొంత పేరు మీద చిన్న వ్యాపారం చేసేవాళ్లు ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.