విదేశం నుంచి ఊరికి బయలుదేరే ముందు ఆర్‌టీపీసీఆర్ పరీక్ష చేయించుకునే పద్ధతి

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి కువైట్‌కో దుబాయ్‌కో పనికి వెళ్లినవారికి కరోనా కాలంలో ఊరికి రావడం టికెట్ కొనడంతో తీరిపోయే పని కాలేదు. ప్రయాణానికి ముందు 72 గంటల లోపు చేయించుకున్న ఆర్‌టీపీసీఆర్ (శాంపిల్‌లో కరోనా వైరస్ ఉందో లేదో ల్యాబ్‌లో తేల్చే) పరీక్షలో నెగెటివ్ వచ్చినట్టు రిపోర్టు చూపాలన్న నిబంధనను కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరి 22 అర్ధరాత్రి నుంచి అమలు చేసింది. విదేశాల నుంచి వచ్చేవారు ఆన్‌లైన్‌లో నింపవలసిన ఎయిర్ సువిధ ఫారాన్ని 2022 నవంబరులో ఎత్తివేశారు. అయినా చైనాలో కేసులు పెరగగానే, చైనా, హాంకాంగ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, థాయ్‌లాండ్‌ల నుంచి వచ్చేవారికి 2023 జనవరి 1 నుంచి పరీక్షను మళ్లీ తప్పనిసరి చేసి, ఫిబ్రవరిలో సడలించారు. ఇలాంటి నిబంధన ఎప్పుడైనా నాలుగు రోజుల గడువులో వచ్చి పడవచ్చు కనుక పరీక్ష చేయించుకునే క్రమం ముందే తెలిసి ఉండాలి.

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది గడియారం. 72 గంటలను లెక్కించేది రిపోర్టు చేతికి వచ్చిన సమయం నుంచి కాదు, ముక్కులోంచి శాంపిల్ తీసిన సమయం నుంచి. విమానం ఆదివారం రాత్రి పది గంటలకు అయితే, గురువారం రాత్రి పది తర్వాత ఇచ్చిన శాంపిలే చెల్లుతుంది. గడువు మొదలైన గంటలోనే పరీక్ష చేయించుకుంటే, విమానం కాస్త ఆలస్యమైనా రిపోర్టు పనికిరాకుండా పోతుంది. మరీ చివరిదాకా ఆగితే రిపోర్టే అందకపోవచ్చు. ప్రయాణానికి సుమారు రెండు రోజుల ముందు శాంపిల్ ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. కువైట్‌లో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు, రంజాన్ నెలలో పనివేళలు తగ్గుతాయి. అందువల్ల టికెట్ తీసుకునేటప్పుడే ల్యాబ్ ఏ రోజు, ఏ వేళ తెరిచి ఉంటుందో, రిపోర్టు ఎన్ని గంటల్లో ఇస్తారో ఫోన్ చేసి కనుక్కోవాలి. మధ్యలో మరో దేశంలో విమానం మారేవారు ఆ దేశపు నిబంధనను, విమాన సంస్థ నిబంధనను కూడా విడిగా విచారించుకోవాలి.

ల్యాబ్‌లో ఆర్‌టీపీసీఆర్ కావాలని స్పష్టంగా అడగండి. అరగంటలో ఫలితం చెప్పే ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షను దీనికి బదులుగా ఒప్పుకోలేదు. పరగడుపున వెళ్లవలసిన పని లేదు. ముక్కుకు ఆపరేషన్ అయి ఉన్నా, తరచూ రక్తం కారుతున్నా శాంపిల్ తీసేవారికి ముందే చెప్పాలి.

ఎక్కువమంది చిక్కుల్లో పడేది పేరు దగ్గరే. గల్ఫ్ ల్యాబ్‌లు సాధారణంగా అక్కడి గుర్తింపు కార్డు చూసి పేరు ఎక్కిస్తాయి. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆ కార్డులో పొడి అక్షరమే ఉండవచ్చు. మునిరత్నం అన్న పేరును ఇంగ్లీషులో ఒకచోట హెచ్‌తోనూ, మరోచోట హెచ్ లేకుండానూ రాసి ఉండవచ్చు. విమానాశ్రయంలో కౌంటర్ దగ్గరి ఉద్యోగి చూసేది పాస్‌పోర్టునే కనుక, పాస్‌పోర్టునే ఇచ్చి, దానిలో ఉన్నట్టే పేరునూ పాస్‌పోర్టు నంబరునూ రిపోర్టుపై వేయించుకోవాలి. ల్యాబ్ కౌంటర్ వదలక ముందే ఒక్కొక్క అక్షరం సరిచూసుకోండి. శాంపిల్ తీసిన తేదీ, సమయం, రిపోర్టు ఇచ్చిన తేదీ, సమయం కూడా దానిపై ఉండాలి. దుబాయ్ నుంచి వచ్చేవారికి 2021 ఏప్రిల్ 22 నుంచి అసలు రిపోర్టుకు దారితీసే క్యూఆర్ కోడ్ కూడా తప్పనిసరి అయింది. ఆ కోడ్‌ను మీ ఫోన్‌తో స్కాన్ చేసి, తెరుచుకుంటున్నదో లేదో అక్కడే చూసుకోవాలి.

రిపోర్టు రాగానే పాస్‌పోర్టు ప్రతితో కలిపి ఎయిర్ సువిధ పోర్టల్‌లో ఎక్కించి, స్వీయ ప్రకటన ఫారం నింపవలసి ఉండేది. ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లకు ల్యాబ్‌కు వెళ్లాలన్నా యజమాని అనుమతి కావాలి. చాలామందికి ఇంగ్లీషు ఫారం నింపడం రాదు. వారికి ఊళ్లో ఉన్నవారే అండగా నిలవాలి. యజమానితో వారం ముందే మాట్లాడించడం, రిపోర్టును వాట్సాప్‌లో తెప్పించుకుని ఫారాన్ని ఇక్కడినుంచే నింపడం, నింపిన ప్రతిని తిరిగి పంపి రెండు కాగితాలనూ అక్కడ ప్రింట్ తీయించమనడం మన వంతు. విమానాశ్రయంలో ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆ కాగితాలే ఆదుకుంటాయి.

కరోనా వచ్చి తగ్గినవారికి వైరస్ అవశేషాల వల్ల వారాల తరబడి పాజిటివ్ రావచ్చు. అలాంటివారు టికెట్ తేదీ ఖరారు చేసుకోక ముందే ఒకసారి పరీక్ష చేయించుకుంటే డబ్బు నష్టపోరు. ఐదేళ్ల లోపు పిల్లలకు 2021 నవంబరు నాటి మార్గదర్శకాల్లో మినహాయింపు ఇచ్చారు. కుటుంబంలో మరణం సంభవించి వచ్చేవారికి 2021 ఫిబ్రవరి నిబంధనల్లో మినహాయింపు ఉన్నా, విమానం ఎక్కడానికి 72 గంటల ముందే పోర్టల్‌లో దరఖాస్తు చేయాలన్నారు. శవాన్ని ఇంట్లో ఉంచుకుని మూడు రోజులు ఎదురుచూడటం ఏ కుటుంబానికైనా కష్టమే. అందుకే అటువంటి సమయంలో మినహాయింపుకు దరఖాస్తు పెడుతూనే, త్వరగా రిపోర్టు ఇచ్చే ల్యాబ్‌లో పరీక్ష కూడా చేయించుకోవాలని చెబుతాను.

మనవారు ఎక్కువగా దిగేది చెన్నైలోనో బెంగళూరులోనో. అక్కడ మళ్లీ శాంపిల్ ఇవ్వవలసి రావచ్చు కనుక రుసుముకు సరిపడా రూపాయలు దగ్గర ఉంచుకోవాలి, కారు మాట్లాడినవారు డ్రైవరుకు ఆలస్యం సంగతి ముందే చెప్పాలి. ఊరు చేరాక మొక్కు తీర్చుకోవడానికి కొండకు వెళ్లాలనుకునేవారు ఇంకొకటి గమనించాలి. 2021లో తిరుమల దర్శనానికి రెండు డోసుల టీకా సర్టిఫికెట్ గానీ, 72 గంటల లోపు చేయించుకున్న నెగెటివ్ రిపోర్టు గానీ తప్పనిసరి చేశారు. విమానం కోసం తీసుకున్న రిపోర్టుకు అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది కనుక, అలాంటి నిబంధన ఉన్నప్పుడు విదేశంలో వేయించుకున్న టీకా సర్టిఫికెట్‌ను కూడా ప్రింట్ తీయించి పాస్‌పోర్టుతో పాటే తెచ్చుకోవాలి.