చిన్న మోటారు పడవలో వాన నీరు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఒక చదరపు మీటరు జాగాలో 1 మిల్లీమీటరు వాన కురిస్తే 1 లీటరు నీరు. 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న పడవలో వాన పట్టే జాగా సుమారు 8 చదరపు మీటర్లు. రాత్రికి 50 మిల్లీమీటర్లు పడితే తెల్లారేసరికి లోపల 400 లీటర్లు, అంటే 400 కిలోల బరువు. పైగా అది కదిలే బరువు. పడవ ఒక పక్కకు ఒరిగితే నీళ్లన్నీ ఆ పక్కకే చేరి ఇంకా ఒరిగేలా చేస్తాయి. అందుకే నీళ్లు నిండిన పడవలోకి ఒక్కసారిగా దూకకూడదు. గట్టు మీద నుంచే వీలైనంత తోడాలి.

కొత్తగా పడవ కొన్నవాళ్లు ముందు పెద్ద పంపు కోసం చూస్తారు. పంపు ఆఖరి రక్షణ మాత్రమే. నీళ్లు లోపలికి రానివ్వని కవరు, వచ్చిన నీళ్లు కరెంటు లేకుండా పోయే దారి, ఈ రెండూ కుదిరాకే పంపు గురించి ఆలోచించాలి.

ట్రైలర్ మీదున్న పడవలో నీళ్లు నిలిచిపోతున్నాయి

డ్రెయిన్ ప్లగ్, అంటే పడవ వెనక అడుగున నీళ్లు పోయే రంధ్రానికి పెట్టే బిరడా, బిగించి వదిలేయడమే చాలాసార్లు కారణం. పడవ నేల మీద ఉన్నంతకాలం ప్లగ్ తీసే ఉండాలి. తీసినా నీళ్లు పోవడం లేదంటే పడవ ముక్కు కిందికి వాలి ఉందన్నమాట. ట్రైలర్ ముందు జాకీ తిప్పి ముక్కు పైకి లేపండి. ఎంత లేపాలో కొలత అక్కర్లేదు. ముక్కు దగ్గర ఒక బకెట్ నీళ్లు పోయండి, అవన్నీ వెనక రంధ్రంలోంచి బయటికి వచ్చేదాకా లేపండి. మధ్యలో ఎక్కడో ఆగిపోతుంటే, అడుగున అడ్డంగా ఉండే పట్టీల్లోని చిన్న రంధ్రాలు ఆకులతోనో ఇసుకతోనో పూడుకుపోయాయి. మొద్దుగా ఉన్న తీగతో కెలికి, ముక్కు వైపు నుంచి పైపుతో కడగండి.

నీళ్లున్న పడవను అలాగే లాక్కెళ్లకండి. ట్రైలర్ మోయగల బరువు దాటిపోవచ్చు, బ్రేకు వేయగానే ఆ నీళ్లన్నీ ముందుకు వచ్చిపడతాయి. తీసిన ప్లగ్‌ను ఇంజన్ తాళంచెవికి కట్టేయండి. ప్లగ్ పెట్టకుండా నీళ్లలోకి దింపే ప్రమాదం అలా తప్పుతుంది.

నీటి మీద కట్టిన పడవలో రోజూ నీళ్లు కనిపిస్తున్నాయి

అది వాన నీరో, అడుగు నుంచి ఊరుతున్న నీరో ముందు తేల్చుకోవాలి. స్పాంజితో అడుగంతా పొడిగా తుడిచి, కవరు వేసి, వాన లేని రెండు రోజులు చూడండి. అప్పుడూ నీళ్లు చేరితే వాన తప్పు కాదు. పడవను ట్రైలర్ మీదికి తెచ్చి, బయటివైపు పొడిగా తుడిచి, ప్లగ్ బిగించి లోపల 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోయండి. అంతకు మించి వద్దు. బయట ఎక్కడ చుక్క కడుతుందో చూడండి. ఎక్కువగా కారేది ప్లగ్ చుట్టూ ఉన్న పళ్లెం స్క్రూల దగ్గర, అడుగును తొలిచి పెట్టిన ఫిట్టింగుల దగ్గర. ఆ ఫిట్టింగ్ విప్పి, పాత సీలెంట్ (నీళ్లు ఊరకుండా సందుల్లో పూసే జిగురు) పూర్తిగా గీకేసి, పడవలకు వాడే సీలెంట్ కొత్తగా పెట్టాలి. పాతదాని మీదే ఇంకాస్త పూస్తే నిలవదు.

డెక్ మీది నీళ్లు వాటంతటవే పోయే రకం పడవలో నీళ్లు నిలిచాయంటే వెనక బరువు ఎక్కువై, నీళ్లు పోయే రంధ్రాలు నీటిమట్టం కిందికి దిగి ఉంటాయి. బ్యాటరీలు, ఇంధన డబ్బాలు ముందుకు జరపండి. రంధ్రాల బయట ఉన్న రబ్బరు రెక్క కింద ఇసుక చేరిందేమో వేలితో ఎత్తి చూడండి.

పంపు ఉన్నా నీళ్లు పోవడం లేదు, లేదా బ్యాటరీ అయిపోతోంది

అసలు తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత వైర్ల అతుకులు చూడండి. ఆకుపచ్చ తుప్పు పట్టిన చోట శుభ్రం చేసి ఊరుకోకండి, వైరు మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, లోపల జిగురున్న ష్రింక్ గొట్టంతో (వేడి చేస్తే ముడుచుకుని వైరును పట్టేసే గొట్టం) మళ్లీ అతకండి. అతుకు ఎప్పుడూ అడుగున నీళ్లు చేరే ఎత్తుకు పైనే ఉండాలి.

తిరుగుతోంది కానీ నీళ్లు రావడం లేదంటే జాలీలో చెత్త ఉండొచ్చు, గొట్టం మడతపడి ఉండొచ్చు, లేదా గొట్టం మధ్యలో కిందికి జారి అక్కడ గాలి చిక్కుకుని ఉండొచ్చు. పంపు నుంచి బయటి రంధ్రం దాకా గొట్టం ఎక్కడా దిగకుండా ఎక్కుతూనే పోవాలి. ధార మరీ సన్నగా వస్తుంటే ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. వెనక్కి తిరిగినా ఈ పంపులు కాస్త నీళ్లు తోడతాయి, అందుకే ఈ తప్పు తొందరగా బయటపడదు.

బ్యాటరీ సంగతి లెక్క వేసి చూడాలి. గంటకు 1,900 లీటర్లని రాసిన చిన్న పంపు, గొట్టమూ ఎత్తూ కలిపితే అందులో సగం తోడుతుందనుకోండి. 400 లీటర్లకు అరగంటలోపే. 3 ఆంపియర్ల చొప్పున ఖర్చు ఒకటిన్నర ఆంపియర్-అవర్ (ఒక ఆంపియరు గంటసేపు వాడితే అయ్యే ఖర్చు) కూడా కాదు. ఒక రాత్రి వానకే మంచి బ్యాటరీ చచ్చిపోదు. నీళ్లు పెరిగితే తేలి పంపును ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్ కింద ఆకు ఇరుక్కుంటే మాత్రం పంపు వట్టిగా తిరుగుతూ రోజుకు 72 ఆంపియర్-అవర్లు తాగేస్తుంది. స్విచ్ ఎత్తి వదలండి, తనంతట తాను కిందికి పడాలి.

నిమిషానికోసారి పంపు ఆన్, ఆఫ్ అవుతుంటే గొట్టంలో మిగిలిన నీళ్లు వెనక్కి దిగి ఫ్లోట్‌ను లేపుతున్నాయి. గొట్టాన్ని పొట్టిగా చేయండి, స్విచ్‌ను కాస్త ఎత్తున బిగించండి. వెనక్కి రాకుండా వాల్వు పెట్టాలనిపిస్తుంది, కానీ వద్దు. చెత్త పడితే అది మూసుకుపోయి పంపు పనే ఆగిపోతుంది.

ఫ్లోట్ లైను మెయిన్ స్విచ్ గుండా కాక, ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి వెళ్లాలి. లేకపోతే మీరు స్విచ్ ఆపి ఇంటికి వెళ్లగానే పంపు కూడా ఆగిపోతుంది. ఫ్యూజు పంపు మీద రాసిన ఆంపియర్లదే వేసి, బ్యాటరీకి దగ్గరగా పెట్టండి.

అడుగున పెట్రోలు వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకండి. మూతలన్నీ తెరిచి గాలి ఆడనివ్వండి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరుతో ఆ నీళ్లు లాగకండి, మంట అంటుకోవడానికి దానిలోని ఒక్క నిప్పురవ్వ చాలు. నూనె తెట్టు కనిపిస్తే ముందు నూనె పీల్చే ప్యాడ్లతో తీసేయాలి. దాన్ని చెరువులోకో కాలవలోకో పంపు చేయకూడదు.

కవరు మీద మడుగు కడుతోంది

ఒక మీటరు చదరం, 10 సెంటీమీటర్ల లోతు మడుగంటే 100 కిలోలు. అది ముందు గుడ్డను సాగదీస్తుంది, సాగిన చోట మడుగు ఇంకా పెరుగుతుంది, చివరికి కుట్టు తెగి నీళ్లన్నీ ఒక్కసారే లోపల పడతాయి. ముక్కు నుంచి వెనకదాకా మధ్యలో ఒక తాడు బిగుతుగా లాగి, దాని కింద వెడల్పాటి తల ఉన్న ఊతకర్రలు పెట్టండి. అప్పుడు కవరు ఇంటి కప్పులా రెండు వైపులా వాలుతుంది. పట్టీలు వారానికోసారి బిగించండి. చుక్కలు గుడ్డ మీద ముత్యాల్లా జారకుండా ఇంకుతుంటే, తేలికపాటి సబ్బుతో కడిగి, ఆరాక నీరు పట్టని స్ప్రే కొట్టండి. ముందొకటి, వెనకొకటి గాలి కన్నాలు ఉండాలి. అవి లేకపోతే లోపలి తేమ కవరు అడుగున చేరి చుక్కలు కారుస్తుంది, అది చూసి కవరుకు చిల్లి పడిందనుకుంటారు.

వాన తర్వాత ఇంజన్ దగ్గి ఆగిపోతోంది

పెట్రోల్లో నీళ్లు కలిశాయి. ట్యాంకు మూత రబ్బరు రింగు ఎండిపోవడం, విడి ట్యాంకు మీది గాలి స్క్రూ తెరిచి వదిలేయడం మామూలు కారణాలు. ఫిల్టరు గిన్నెలోని ఇంధనాన్ని గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లు అడుక్కి దిగి గీత కనిపిస్తుంది. కొద్దిగా ఉంటే ఫిల్టరు మార్చండి. ఇథనాల్ కలిపిన పెట్రోలు విడిపోయి ఉంటే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే, పైన తేలిన పెట్రోలు కూడా ఇక ఇంజన్‌కు పనికిరాదు.

నీళ్లు కనిపించడం లేదు కానీ పడవ బరువెక్కింది

పడవ తేలడానికి డెక్ కింద నింపిన ఫోమ్ నీళ్లు పీల్చుకుని ఉండొచ్చు. పడవను ట్రైలర్‌తో సహా కాటా మీద తూచి, ట్రైలర్, ఇంజన్, ఇంధనం, సామాన్ల బరువు తీసేసి, తయారీదారు ఇచ్చిన ఖాళీ బరువుతో పోల్చండి. తేడా పెద్దదైతే డెక్‌కు వెనక, లోతట్టు చోట చిన్న తనిఖీ మూత కోసి, ఫోమ్ ముక్క తీసి పిండండి. నీళ్లు కారితే ఆరబెట్టి లాభం లేదు, మూసుకున్న గదుల్లో అది ఆరదు. తడిసినంత మేర కోసి తీసి, నీరు పీల్చని రకం ఫోమ్ నింపి, నీళ్లు దిగిన స్క్రూ రంధ్రాలన్నీ సీలెంట్‌తో మూసేయాలి.