ఫోన్‌లో తెలుగు టైపింగ్ – 3వ పాఠం: కీబోర్డును పరీక్షించి ఎంచుకోవడం

ఫోన్ సెట్టింగుల్లో తెలుగు కీబోర్డును చేర్చుకోవడం, భూగోళం గుర్తు నొక్కి ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారడం కిందటి పాఠంలో చూశాం. ఆ రెండూ చేతికి అలవాటైనవాళ్ళు ఇవాళ మొదలుపెట్టొచ్చు. ఏ కీబోర్డు మంచిదని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఒక పేరు చెప్పేస్తే సరిపోదు. మీరు రాసేది ఏమిటో, మీ తెర ఎంతో చూసి మీరే తేల్చుకోవాలి. అలా తేల్చుకునే పద్ధతే ఈ పాఠం.

ముందు తెర సంగతి. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ తెర 3.5 అంగుళాలు. నిలువుగా పట్టుకుంటే దాని వెడల్పు 5 సెంటీమీటర్లు కూడా లేదు. వరసకు పది మీటలు పెడితే ఒక్కోదానికి దక్కేది 5 మిల్లీమీటర్ల లోపు. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్‌లో తెరను పక్కకు జరిపితే అసలు మీటలే బయటపడేవి. ఆండ్రాయిడ్‌కు తెరమీది కీబోర్డు 2009లో, 1.5 వెర్షన్‌తో వచ్చింది. ఇప్పటి ఆరున్నర అంగుళాల ఫోన్‌లో తెర వెడల్పు 7 సెంటీమీటర్ల దరిదాపు. ఇంగ్లీషు కీబోర్డులో మీటకు దాదాపు 7 మిల్లీమీటర్లు వస్తుంది. అదే తెరమీద తెలుగు అమరిక వరసకు పదకొండు, పన్నెండు మీటలు పెట్టిందనుకోండి, మీట 6 మిల్లీమీటర్లకో అంతకన్నా తక్కువకో కుంచించుకుపోతుంది. బొటనవేలి కొస అంతకన్నా వెడల్పు. అందుకే తెలుగు రాసేవాళ్ళు ఫోన్ కొనేటప్పుడు షాపులోనే తెలుగు కీబోర్డు తెరిచి, ఒక వాక్యం కొట్టి చూడాలి. కెమెరాను ఎంత శ్రద్ధగా చూస్తామో దీన్నీ అంతే శ్రద్ధగా చూడాలి. ఉన్న ఫోన్‌తోనే సర్దుకోవాలంటే కీబోర్డు సెట్టింగుల్లో ఎత్తు పెంచే వీలు ఉందేమో వెతకండి. మీట వెడల్పు పెరగకపోయినా పొడవు పెరిగితే తప్పులు తగ్గుతాయి.

ఇక అమరికలు. ఎక్కువమంది వాడేది ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చే పద్ధతి. నేర్చుకోవాల్సింది దాదాపు ఏమీ లేదు, అదే దాని బలం. కానీ కె, ఎ, ఎల్, ఎ అని నాలుగు అక్షరాలు కొట్టి చూడండి. కల, కళ, కాల, కాళ... వీటిలో మీకు కావలసింది ఏదో కీబోర్డు ఊహించాలి. ఊహ తప్పితే పై వరసలో వెతికి మీరు నొక్కాలి. పెళ్ళి, నీళ్ళు, గోళ్ళు లాంటి మాటల్లో ళ బదులు ల వచ్చి కూర్చోవడం మనం రోజూ చూస్తున్నదే. పైగా తెలుగు క్రియ ఒక రూపంలో నిలవదు. ‘వెళ్ళాను’ కీబోర్డు నిఘంటువులో ఉంటుంది, ‘వెళ్ళాల్సొచ్చిందంటున్నాడు’ ఉంటుందన్న నమ్మకం లేదు. రెండు ముక్కల వాట్సాప్ కబుర్లకు ఈ పద్ధతి చాలు. కథో వ్యాసమో రాసేవారికి మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను.

రెండోది ఇన్‌స్క్రిప్ట్. భారతీయ లిపుల అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలను నిర్ణయించిన 1991 నాటి ఇస్కీ ప్రమాణంతో పాటు భారత ప్రమాణాల సంస్థ ఆమోదం పొందిన అమరిక ఇది. అచ్చులూ గుణింతాల గుర్తులూ ఎడమవైపు, హల్లులు ఎక్కువగా కుడివైపు ఉంటాయి. క ఉన్న మీటమీదే షిఫ్ట్‌తో ఖ, గ మీద ఘ, ద మీద ధ. హిందీ, కన్నడ ఇన్‌స్క్రిప్ట్‌లలోనూ క అదే చోట ఉంటుంది కాబట్టి ఒకసారి నేర్చుకుంటే ఆ భాషలకూ పనికొస్తుంది. ఫోన్ మీద దీని అందం రెండు బొటనవేళ్ళతో కొట్టినప్పుడే తెలుస్తుంది. కాకి, పాప, తాత, గోపి అని కొట్టండి. కుడివేలు హల్లు, ఎడమవేలు గుణింతం, మళ్ళీ కుడివేలు... లయగా సాగిపోతుంది. ఇక్కడ ఊహించడం ఉండదు, మీరు కొట్టిందే వస్తుంది. మొదటి రోజుల్లో నెమ్మదిగా నడుస్తుంది, నిజమే. ఓపిక పట్టండి.

హల్లు నొక్కగానే పక్కనున్న మీటలు కా, కి, కీ, కు అంటూ ఆ హల్లు గుణింతంగా మారిపోయే కీబోర్డులు కూడా ఉన్నాయి. చదవడానికి సులువు, పెద్దవాళ్ళకు బాగుంటుంది. అయితే మీటలమీది రూపాలు మారుతూ ఉంటాయి కాబట్టి చూడకుండా కొట్టే వేగం రావడం కష్టం.

ఇప్పుడు పరీక్ష. ఏ కీబోర్డులోనైనా ఈ మాటలు కొట్టండి: జ్ఞానం, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, ఋణం, దుఃఖం, గుఱ్ఱము, ఫేస్‌బుక్. ఱ, విసర్గ ఎక్కడున్నాయో రెండు క్షణాల్లో దొరకకపోతే పాత పద్యాలు ఎక్కించే పనికి ఆ కీబోర్డు అక్కరకు రాదు. ‘స్త్రీ’ని కొట్టాక వెనక్కి చెరిపే మీట ఒక్కసారి నొక్కండి. ఆ అక్షరం వెనుక స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం అని ఆరు సంకేతాలు ఉన్నాయి. ఈకారం ఒక్కటే పోయిందా, మొత్తం పోయిందా? నాకు ఒక్కొక్కటిగా పోయేదే ఇష్టం. వత్తు తప్పితే వత్తు మాత్రమే దిద్దుకోవచ్చు.

ఫేస్‌బుక్‌లో స్ కింద బ వత్తు పడిందా? పడకుండా ఆపాలంటే రెండింటి మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం ఉండాలి. దాన్ని ఇవ్వలేని కీబోర్డుతో సాఫ్ట్‌వేర్, హైకోర్ట్‌లో లాంటి మాటలు సరిగా రాయలేం. ఈ సంకేతానికి ఒక చరిత్ర ఉంది. 2018 ఫిబ్రవరిలో, జ్ఞ తర్వాత ఈ సంకేతం, దాని తర్వాత ఆకారం ఉన్న సందేశం అందితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6 వెర్షన్‌తో దాన్ని సరిచేసింది. అక్కడ తప్పు కీబోర్డుది కాదని గమనించండి. కీబోర్డు సంకేతాలు పంపుతుంది, వాటిని అక్షరాలుగా గీసేది ఫోన్‌లోని వేరే భాగం. వత్తులు విడిపోయి కనిపిస్తుంటే కీబోర్డు మార్చి లాభం లేదు. ఫాంటో, ఫోన్ సాఫ్ట్‌వేరో చూసుకోవాలి.

తప్పనిసరిగా పాటించాల్సినది ఒకటుంది. ఫోన్‌తో రాకుండా మీరు విడిగా దించుకున్న కీబోర్డు యాప్ మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ చూడగలదు. చేర్చేటప్పుడు ఆండ్రాయిడ్ చూపించే హెచ్చరికను చదవకుండా సరే నొక్కకండి. బొమ్మలూ రంగులూ చూపించి ఊరించే ఊరూ పేరూ లేని కీబోర్డులతో బ్యాంకు పాస్‌వర్డు కొట్టకండి. ఇండిక్ కీబోర్డ్ లాంటివి ఓపెన్ సోర్స్, వాటి కోడ్‌ను ఎవరైనా పరిశీలించవచ్చు.

అభ్యాసం: ఇంట్లో ఎవరికైనా పది వాక్యాల ఉత్తరం రాయండి. ఐదు వాక్యాలు ఇంగ్లీషు అక్షరాల పద్ధతిలో, ఐదు ఇన్‌స్క్రిప్ట్‌లో. ఏ భాగంలో ఎన్నిసార్లు చెరిపారో కాగితం మీద గీతలు పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఇన్‌స్క్రిప్ట్ హల్లుల వరసలను ఒక్కొక్కటిగా చేతికి ఎక్కించుకుందాం. ఆ కాగితం దగ్గర పెట్టుకుని రండి.