కొత్త గేమ్ కన్సోల్ నిలబడుతుందా, చతికిలబడుతుందా: కొనేముందే పసిగట్టడం ఎలా

కొత్త కన్సోల్ వస్తే నేను ముందు చూసేది చిప్ కాదు, పెట్టె. 2012 చివర్లో, నింటెండో పాత కన్సోల్ వీ తర్వాత వచ్చిన వీ యూని ఇంటికి తెచ్చిన రోజు, మా అక్క పెట్టె మీద స్క్రీన్ ఉన్న గేమ్‌ప్యాడ్ బొమ్మ చూసి, "మన పాత వీకి టాబ్లెట్ కొన్నావా?" అంది. తన తప్పేం లేదు. పేరు దాదాపు అదే, పాత వీ రిమోట్లు కూడా దీనికి పనికొచ్చేవి. ఇది వేరే మెషీన్ అని ఎలా తెలుస్తుంది? వీ అమ్మకాలు 10 కోట్ల మెషీన్లు దాటితే వీ యూ సుమారు 1.36 కోట్ల దగ్గరే ఆగిపోయింది. అందుకే ముందుగా, గేమ్స్ ఆడని మనిషి ఒకరికి పెట్టె చూపించి "ఇదేంటి?" అని అడగండి. ఆ జవాబు చాలా చెబుతుంది.

తర్వాత ధర, పక్కనే పోటీవాడి ధర. 1995 మేలో అమెరికాలో ఒక గేమ్స్ ప్రదర్శనలో, సెగా కంపెనీ తన కన్సోల్ సాటర్న్‌ను చెప్పిన తేదీకన్నా నెలల ముందే 399 డాలర్ల ధరతో మార్కెట్లోకి దించింది. అదే ప్రదర్శనలో సోనీ తన ప్లేస్టేషన్ 299 అంది. పైగా సాటర్న్‌కు గేమ్స్ ఇంకా సిద్ధం కాలేదు, సరుకు అందని దుకాణాలకు కోపం వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యం గేమ్స్. మొదటి రోజు జాబితా చూసి మురిసిపోకండి, గేమ్స్ తయారుచేసే కంపెనీల్లో రెండో ఏడాదికి ఎవరు మిగులుతారో చూడండి. వీ యూకి ఫుట్‌బాల్ గేమ్ ఫిఫా 13 వచ్చింది. ఫిఫా 14 మాత్రం 2000 నాటి ప్లేస్టేషన్ 2కి, పాత వీకి కూడా వచ్చి, వీ యూకి రాలేదు! కొనేవాళ్లు తక్కువైతే బయటి స్టూడియోలు డబ్బు పెట్టవు. గేమ్స్ రాకపోతే కొనేవాళ్లు ఇంకా తగ్గుతారు. ఈ చక్రం ఒకసారి మొదలైతే ఆపడం చాలా కష్టం. నింటెండో సొంత రేసింగ్ గేమ్ మారియో కార్ట్ 8 వచ్చేసరికి 2014 మే అయింది. అక్క టీవీ చూస్తుంటే నేను పక్కన కూర్చుని గేమ్‌ప్యాడ్ స్క్రీన్ మీదే రేసులు ఆడేవాణ్ని. అంత హాయైన మెషీన్ కొద్దిమందికే చేరిందని ఇప్పటికీ బాధేస్తుంది.

ధర తగ్గించారని వినగానే "ఇక అయిపోయింది" అనుకోవద్దు. 2011లో నింటెండో చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్ 3డీఎస్ ధర ఆరు నెలలు తిరక్కుండానే 249.99 డాలర్ల నుంచి 169.99కి పడిపోయింది. కానీ ఆ ఏడాది చివర్లోనే సూపర్ మారియో 3డీ ల్యాండ్, మారియో కార్ట్ 7 వెంటవెంటనే వచ్చాయి. చివరికి 3డీఎస్ అమ్మకాలు 7.5 కోట్లు దాటాయి. వీ యూకి కూడా 2013 సెప్టెంబరులో 50 డాలర్లు తగ్గించారు. ఫిఫా 14 దాన్ని వదిలేసి మిగతా కన్సోల్స్‌కి వచ్చింది కూడా ఆ నెలలోనే. కాబట్టి ధర తగ్గిన రోజున వెంటనే కొనేయకుండా, రాబోయే ఆరు నెలల్లో ఏ గేమ్స్ ఏ తేదీకి వస్తున్నాయో వరసగా రాసుకోండి. తేదీలు లేని పేర్లను లెక్కలోకి తీసుకోవద్దు.