కొత్త స్కూటర్, పాత హాట్‌రాడ్ – పాఠం 3: రోలర్లు మార్చి పికప్ పెంచడం

పోయిన పాఠంలో క్రాష్ గార్డులు, స్టీలు క్యారియరు, షోరూమువాళ్లు అంటగట్టిన బరువంతా దించేశాం. ఇక రంగు డబ్బా తెరుద్దామని చాలామందికి చేతులు దురద పెడుతుంటాయి. ఇంకొక్క పాఠం ఆగండి.

1932లో ఫోర్డ్ కంపెనీ చవక కారులో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ పెట్టింది. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు అలాంటి పాత కార్లు కొని, మడ్‌గార్డులు, ముందు అద్దాలు ఊడదీసి, మురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు తీయించారు. అలా మార్చుకున్న కార్లే హాట్‌రాడ్లు. ఆ పరుగుల టైము లెక్కకట్టడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పుట్టింది. ఇవాళ మనం స్టైల్ అంటున్న ఆ బోడి రూపం వేగం కోసం వచ్చిందే. మన వరసా అదే: ముందు పరుగు, తర్వాత సోకు.

పరుగు అంటే ఇంజన్ బోర్ (సిలిండరు వెడల్పు) పెంచడం, సైలెన్సర్ కోయడం కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. మనం ముట్టుకునేది వేరియేటర్ (బెల్టును నడిపే ముందు పుల్లీ) లోపల అరిగిపోయి ఎలాగూ మార్చాల్సిన రోలర్లను మాత్రమే. వారంటీలో ఉన్న బండి జోలికి వెళ్లకండి. ఎలక్ట్రిక్ స్కూటరువాళ్లకు ఈ పాఠంతో పనిలేదు.

గేర్లు లేని స్కూటరులో ముందు ఒక పుల్లీ, వెనక ఒక పుల్లీ, మధ్యలో బెల్టు. ముందు పుల్లీ వెనకాల గాడుల్లో ఆరు రోలర్లు ఉంటాయి. ఇంజన్ తిరిగే కొద్దీ అవి బయటికి విసురుకుపోతూ పుల్లీ పళ్లేన్ని నెడతాయి. బెల్టు పైకి ఎక్కుతుంది. వెనక పుల్లీ తన స్ప్రింగును అణచుకుంటూ తెరుచుకుంటుంది. ఇదే మన గేరు మారడం.

రోలరు తోపు దాని బరువు మీద, తిరిగే వేగపు వర్గం మీద ఆధారపడుతుంది. బరువు పది శాతం తగ్గిస్తే అంతే తోపు రావడానికి ఇంజన్ సుమారు ఐదు శాతం ఎక్కువ తిరగాలి. 5000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఎక్కే బెల్టు ఇప్పుడు 5270 దాకా ఆగుతుంది. దీనివల్ల లాభం ఏమిటంటారా? 2020లో వచ్చిన యాక్టివా 6జీనే చూడండి: అప్పట్లో గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 5250 దగ్గర, గరిష్ఠ శక్తి 8000 దగ్గర. మైలేజీ చూసుకునే కంపెనీ బెల్టును త్వరగా ఎక్కించేస్తుంది. మనం కాస్త ఆలస్యం చేయిస్తే ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. మరీ తేలికైతే మాత్రం ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు, పెట్రోలు ఆవిరవుతుంది. ఒక్కో రోలరుకు ఒకటి, ఒకటిన్నర గ్రాములకు మించి తగ్గించొద్దని నా మాట. ఆన్‌లైన్లో ఎర్రరంగు పూసి ‘రేసింగ్’ అని అమ్మే కిట్లు నాకసలు నచ్చవు. మంచి రోలర్ల సెట్టు, కొత్త బెల్టు చాలు.

ఇంజన్ చల్లారాక మెయిన్ స్టాండు వేయండి. మూతికి మాస్కు కట్టుకోండి, లోపల బెల్టు, క్లచ్ దుమ్ము ఉంటుంది. ఎడమవైపు కిక్ కవరు బోల్టులు ఒకే పొడవు ఉండవు కాబట్టి అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టు అక్కడే గుచ్చండి. పుల్లీని హోల్డరుతో పట్టుకుని నట్టు తీయండి. పుల్లీ మీది గాలి రెక్కల మధ్య స్క్రూడ్రైవరు దూర్చితే రెక్క విరుగుతుంది. పాత రోలర్లు చూడండి: ఒకవైపు చదునుగా అరిగితే వాటి కాలం అయిపోయినట్టే. నగల తూకంలాంటి చిన్న డిజిటల్ త్రాసు మీద కొత్తవాటిని ఒక్కొక్కటిగా తూచండి. మీకు కావలసిన బరువు దొరక్కపోతే రెండు రకాలు మూడేసి తీసుకుని, ఒకటి విడిచి ఒకటి పెట్టండి. గ్రీజు లేకుండా వచ్చిన రోలర్లకు గ్రీజు పూయకండి. అది బెల్టు మీదికి చిందితే జారుడే.

ఇప్పుడు అసలు జాగ్రత్త. బిగించేటప్పుడు బెల్టు ముందు పుల్లీ పళ్లేల నడుమ నలిగితే, నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది కానీ పళ్లెం మధ్యనున్న బుష్షుకు (గొట్టంలాంటి ముక్కకు) ఆనదు. నాలుగు కిలోమీటర్లకే వదులై షాఫ్టు పళ్లు అరిగిపోతాయి. అందుకే ముందుగా వెనక పుల్లీని రెండు చేతులతో విడదీసి, బెల్టును లోపలికి దిగేదాకా నొక్కండి. అప్పుడు ముందు వైపు బెల్టు వదులుగా వస్తుంది. నట్టు చేత్తో చివరిదాకా వెళ్లాకే, సర్వీస్ మాన్యువల్‌లో మీ మోడలుకు చెప్పిన లెక్కకు టార్క్ పానాతో (బిగింపు బలం కొలిచే పానా) బిగించండి.

కవరు మూయకముందు ముందు పుల్లీ పళ్లెం మీద, మధ్య నుంచి అంచుదాకా మార్కరుతో ఒక గీత గీయండి. మూసేసి, ఖాళీ రోడ్డు మీద పరిమితి దాటకుండా తిప్పి రండి. మళ్లీ తెరిస్తే బెల్టు ఎంతవరకు ఎక్కిందో అంతవరకు గీత చెరిగి ఉంటుంది. పాత రోలర్లతోనూ ముందే ఈ పరీక్ష చేసి ఉంటే పోల్చుకోవచ్చు. అదే రోడ్డులో, అదే వేగంలో గీత అప్పటికన్నా చాలా కిందే ఆగిపోతే రోలర్లు మరీ తేలికయ్యాయి, అర గ్రాము పెంచండి. తీసిన పాత రోలర్లు పారేయకండి, డబ్బాలో పేరు రాసి దాచండి.

వచ్చే పాఠం పిన్‌స్ట్రైపింగ్, అంటే బండి మీద సన్నగీతల అలంకరణ: ఉడత వెంట్రుకల పొడుగు కుంచె, ఎనామెల్ రంగు, చెయ్యి వణక్కుండా ఒకే గీత. బండి రంగు మొత్తం మార్చాలనుకునేవాళ్లు ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి, ఆ సంగతీ అక్కడే చెబుతాను. ఈలోగా పాత కిటికీ అద్దం ముక్క ఒకటి సంపాదించి, అంచులు అరగదీసి ఉంచండి. మొదటి గీతలన్నీ దాని మీదే.