ఫంక్షన్ హాల్లో ఈ-స్పోర్ట్స్ ఫైనల్: ఓడిన జట్టు కూడా ఒప్పుకునేలా నడపడం ఎలా

నేను ఖమ్మం జిల్లాలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. కబడ్డీ, వాలీబాల్ పోటీలకు రిఫరీగా నిలబడి నేర్చుకున్నదాన్నే ఇప్పుడు బీజీఎంఐ (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, జట్లు కాల్చుకుంటూ చివరి దాకా మిగలాలని పోటీపడే ఫోన్ ఆట) పోటీలకు వాడుతున్నాను. ఊళ్లలో ఈ పోటీలు పెట్టాలనుకునే కుర్రాళ్లు ముందుగా అడిగేది పెద్ద తెర గురించి, లైట్ల గురించి, యూట్యూబ్ ప్రసారం గురించి. అవన్నీ తర్వాతి సంగతి. ఆట ముగిశాక ఓడిన కెప్టెన్ స్కోరు పత్రం మీద మారు మాట లేకుండా సంతకం పెడుతున్నాడా లేదా? పెడితే మీరు నడిపింది క్రీడ. ఇక్కడ చెప్పేదంతా ఆ సంతకం కోసమే.

మొదటి పని చట్టం చదవడం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పణంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, అంటే వీడియో గేమ్‌ల క్రీడాపోటీలను, వేరుగా గుర్తించింది. ఫలితం ఆటగాడి నైపుణ్యం మీదే తేలాలి, ఎవరూ పందెం కాయకూడదు. పోటీలో చేరడానికి, నిర్వహణ ఖర్చులకు రుసుము తీసుకోవచ్చు, ప్రతిభకు నగదు బహుమతి ఇవ్వవచ్చు. గీత దాటి డబ్బు ఆటలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. మన రెండు రాష్ట్రాలూ అంతకు ముందే, తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. కాబట్టి జట్ల దగ్గర తలా ఇంత వసూలు చేసి, ఆ కుప్పనే గెలిచినవారికి ఇచ్చే పద్ధతి జోలికి పోవద్దు. బహుమతి సొమ్ము స్పాన్సర్ నుంచే రావాలి. రుసుము తీసుకుంటే హాలు, కరెంటు, భోజనాల ఖర్చుకే వాడి లెక్క చూపించండి. ఆ చట్టం కింద నమోదుకు సంబంధించిన నియమాలు చూసుకోండి, స్థానిక పోలీసు స్టేషన్‌లో కార్యక్రమం గురించి రాతపూర్వకంగా తెలియజేయండి.

రెండోది అనుమతి. వాలీబాల్ ఆటకు యజమాని ఎవరూ లేరు. బీజీఎంఐకి ఉన్నాడు, అది క్రాఫ్టన్ సంస్థ. బయటివాళ్లు పోటీ పెట్టాలంటే వారి షరతులు ఒప్పుకుని అనుమతి తీసుకోవాలి. ఆట ఇంకొకరి సొత్తు అయినప్పుడు ఒక్క రాత్రిలో మాయమయ్యే ప్రమాదం కూడా ఉంటుంది. 2022 జూలై 28న ఇదే ఆటను యాప్ స్టోర్ల నుంచి తొలగించారు. తిరిగి వచ్చింది 2023 మే నెలాఖరులో. మధ్యలో దాదాపు పది నెలలు జట్లు, నిర్వాహకులు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. అందుకే పక్కన ఇంకొక ఆట ఉంచుకోండి. నేను చెస్ ఉంచుకున్నాను. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో చెస్‌కూ చోటు దక్కింది. మన వరంగల్ ఆటగాడు ఇరిగేశి అర్జున్ కొరియాకు చెందిన జెన్ జీ సంస్థ తరఫున ఆడి నాలుగో స్థానంలో నిలిచాడు. పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మాట ఎంత బలాన్నిస్తుందో చెప్పలేను.

పిల్లల మాట వచ్చింది కాబట్టి వయసు సంగతి కూడా. బీజీఎంఐ తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటల పరిమితి పెట్టారు. ఆరు మ్యాచ్‌ల ఫైనల్‌లో ఆట సమయమే మూడు గంటలు దాటుతుంది. కాబట్టి నా ఫైనల్ 18 నిండినవారికే. బడి పిల్లలకు చెస్ బల్లలు వేస్తాను. ఉపాధ్యాయుడిగా నాకు మనసుకు పట్టిన పద్ధతి ఇది.

హాలు, కరెంటు, నెట్

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటాయి, అద్దె గురించి బేరమాడవచ్చు. భోజనశాల విడిగా ఉన్న హాలునే తీసుకోండి. ఆటగాళ్లను భోజనశాలలో, ప్రేక్షకులను పెద్ద హాల్లో కూర్చోబెట్టాలి. దీనికి బలమైన కారణం ఉంది. తెర మీద ఒక జట్టు గడ్డిలో దాక్కున్నట్టు కనిపించగానే జనం కేకలు వేస్తారు. ఆ కేక ఎదుటి జట్టుకు వినిపిస్తే ఆట చెడినట్టే. రెండు గదుల మధ్య తలుపు మూసి, అక్కడ ఒక మనిషిని పెట్టండి. యూట్యూబ్ ప్రసారాన్నీ, హాల్లోని తెరనూ కనీసం మూడు నిమిషాలు ఆలస్యంగా నడపండి.

పదహారు జట్లు, జట్టుకు నలుగురు, మొత్తం 64 ఫోన్లు. వాటన్నిటినీ మొబైల్ డేటా మీద వదిలేస్తే పక్కనున్న టవర్ మీద భారం పడి పింగ్ (ఫోన్‌కూ ఆట సర్వర్‌కూ మధ్య జాప్యం) ఎగిరి దూకుతుంది. రెండు వేర్వేరు సంస్థల ఫైబర్ కనెక్షన్లు పెట్టించండి, ఒకటి ఆటకు, ఇంకొకటి ప్రసారానికి. మొదటిది పోతే రెండోది ఆటకు మళ్లించాలి, ప్రసారం ఆగినా ఫరవాలేదు. ఆటకు పెద్ద వేగం అక్కర్లేదు, నిలకడ కావాలి. ప్రసారానికి మాత్రం 10 ఎంబీపీఎస్‌కు పైగా అప్‌లోడ్ అవసరం. ఒక్క రౌటర్‌తో 64 ఫోన్లు నడపాలని చూడకండి. పదహారు ఫోన్లకు ఒకటి చొప్పున నాలుగు యాక్సెస్ పాయింట్లు (వై-ఫై పెట్టెలు) పెట్టి, 5 గిగాహెర్ట్జ్ మీద నడపండి. పాస్‌వర్డ్‌ను రిఫరీలే ఫోన్లలో కొట్టాలి, ప్రేక్షకులకు పొక్కకూడదు. ఆట అప్‌డేట్లు ఇంటి దగ్గరే వేసుకుని రావాలని జట్లకు ముందు రోజు మళ్లీ చెప్పండి. హాల్లో పదిమంది ఒకేసారి డౌన్‌లోడ్ మొదలుపెడితే మిగిలినవారి ఆట కుంటుతుంది. కొత్త వెర్షన్ వచ్చిన వారంలో ఫైనల్ పెట్టకపోవడమే క్షేమం.

జనరేటర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని క్షణాల్లో రౌటర్ ఆరిపోతుంది. మళ్లీ వెలిగేసరికి జట్లు చచ్చిపోయి ఉంటాయి. రౌటర్లకు, ఫైబర్ పెట్టెలకు యూపీఎస్ తప్పనిసరి.

నియమావళి

అర్హత పోటీలు ఆన్‌లైన్‌లో జరపవచ్చు. 64 జట్లను నాలుగు గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపు నుంచి మొదటి నాలుగింటిని ఫైనల్‌కు తీసుకోండి. ఆన్‌లైన్ మ్యాచ్‌లో ప్రతి ఆటగాడూ తన స్క్రీన్ రికార్డు చేసి, అడిగినప్పుడు ఇవ్వాలి. ఇవ్వలేనివారి ఫినిష్‌లు (ఆటలో ఎదుటివారిని చంపిన లెక్క) లెక్కలోకి రావు.

పాయింట్లకు అంతర్జాతీయ పోటీల పద్ధతే మంచిది. మొదటి స్థానం నుంచి ఎనిమిదో స్థానం వరకు వరుసగా 10, 6, 5, 4, 3, 2, 1, 1, ప్రతి ఫినిష్‌కు ఒక పాయింట్. మూడు ఫినిష్‌లతో గెలిచిన జట్టుకు 13, నాలుగో స్థానంలో పది ఫినిష్‌లు చేసిన జట్టుకు 14. ఈ లెక్క మొదటిసారి చూసినవారు గొడవకు దిగుతారు. కాబట్టి ఆట మొదలవకముందే ఇదే ఉదాహరణతో కెప్టెన్లందరికీ వివరించండి. పాయింట్లు సమానమైతే ముందు గెలిచిన మ్యాచ్‌ల సంఖ్య, తర్వాత స్థానాల పాయింట్లు, ఆ తర్వాత ఫినిష్‌లు చూస్తామని రాసిపెట్టండి.

నెట్ తెగితే ఏం చేయాలన్నదే అసలు పరీక్ష. ఒక్కరి ఫోన్ ఆగితే మ్యాచ్ ఆగదు. హాలు మొత్తానికి నెట్ పోయి, అప్పటికి ఒక్క ఫినిష్ కూడా జరగకపోతే మ్యాచ్ మళ్లీ మొదలు. ఫినిష్‌లు జరిగి ఉంటే ఏమిటన్నది కూడా ముందే తేల్చండి. నా పోటీల్లో నాలుగు జట్లకు మించి ఒకేసారి తెగితేనే రద్దు చేస్తాను. మీ అంకె వేరేది కావచ్చు, ఆ అంకె కాగితం మీద ఉండాలి, అంతే. అప్పటికప్పుడు ఆలోచించి చెప్పే తీర్పు ఎంత న్యాయమైనదైనా ఓడినవాడికి అన్యాయంగానే కనిపిస్తుంది.

నాలుగు జట్లకు ఇద్దరు చొప్పున ఎనిమిది మంది రిఫరీలు కావాలి. వారిలో ఎవరికీ ఏ జట్టుతోనూ బంధుత్వం గానీ క్లాసు స్నేహం గానీ ఉండకూడదు. చిన్న ఊళ్లలో ఇలాంటివారు దొరకడం కష్టం, పక్క జిల్లా నుంచి పిలిపించుకోండి, దారి ఖర్చు ఇవ్వండి. ఆట మొదలయ్యేముందు రిఫరీలు ప్రతి ఫోన్‌లోనూ ఉన్న యాప్‌ల జాబితా చూడాలి. రెండో ఫోన్ ఉంటే పేరు రాసి తీసుకోవాలి. ఐప్యాడ్‌లు, ఫోన్‌కు బయట తగిలించే ట్రిగ్గర్లు (కాల్చే మీటలు) వద్దు, అందరికీ ఫోన్లే. ఇయర్‌ఫోన్లు వైరువే ఉండాలి, బ్లూటూత్‌లో అడుగుల చప్పుడు ఆలస్యంగా వినిపిస్తుంది.

తనిఖీని మొహమాటానికి వదిలేయకండి. 2018లో షాంఘైలో జరిగిన ఆసియా స్థాయి కౌంటర్-స్ట్రైక్ (కంప్యూటర్‌లో ఆడే షూటింగ్ ఆట) పోటీలో మన దేశపు జట్టులోని ఒక ఆటగాడు కంప్యూటర్‌లో మోసపు ప్రోగ్రాం నడుపుతూ మ్యాచ్ మధ్యలో దొరికిపోయాడు. జట్టు మొత్తం అనర్హమైంది, సంస్థ ఆ జట్టునే రద్దు చేసింది. ఏ తప్పూ చేయని మిగతా నలుగురి కష్టం అతనితో పాటే పోయింది. ఆ నలుగురి కోసమైనా రిఫరీ ప్రతి తెర మీదికీ వంగి చూడాలి.

రెండు జట్లు కూడబలుక్కుని ఒకరినొకరు కాల్చుకోకుండా ఆడే టీమింగ్‌ను పట్టుకోవడం ఇంకా కష్టం. ఒకే కాలేజీ జట్లను దూరంగా కూర్చోబెట్టండి. అబ్జర్వర్ (ఆడకుండా అన్ని జట్లనూ చూసేవాడు) స్క్రీన్ మొదటి నుంచి చివరి దాకా రికార్డు కావాలి. ఫిర్యాదు ఉంటే మ్యాచ్ ముగిసిన పది నిమిషాల్లో కెప్టెన్ ఒక్కడే రాసి ఇవ్వాలి. రికార్డు చూసి ముగ్గురు రిఫరీలు తేలుస్తారు, ఆ తర్వాత చర్చ ఉండదు.

ఆ రోజు, ఆ తర్వాత

ఒక్కో మ్యాచ్ అరగంట పైనే పడుతుంది. లాబీ (మ్యాచ్‌కు ముందు జట్లన్నీ చేరే ఆన్‌లైన్ గది) నింపడానికి, స్కోరు సరిచూడటానికి ఇంకో ఇరవై నిమిషాలు. పదింటికి మొదలుపెడితే మధ్యలో భోజనంతో కలిపి ఆరు మ్యాచ్‌లు సాయంత్రం ఐదింటికి ముగుస్తాయి. ఆడపిల్లల జట్లు రావాలంటే చీకటి పడకముందే ముగించాలి, శుభ్రమైన బాత్‌రూమ్ ఉండాలి. ఈ రెండూ చూసుకోకుండా అమ్మాయిలు రావడం లేదని అనడం తగదు.

లక్ష రూపాయల బహుమతిని నేనిలా పంచుతాను: 35, 20, 12, 9 వేలు మొదటి నాలుగు జట్లకు, ఐదు నుంచి ఎనిమిది స్థానాలకు తలా 5 వేలు, ఉత్తమ ఆటగాడికి 4 వేలు. ఎనిమిదో స్థానంలోని జట్టుకూ బస్సు ఛార్జీలు మిగలాలి. ఆ సొమ్ము పోటీ ప్రకటించే రోజుకే బ్యాంకులో ఉండాలి. గెలిచినవారు నెలల తరబడి నిర్వాహకులకు ఫోన్లు చేస్తూ తిరిగిన సందర్భాలు ఈ రంగంలో చాలా చూశాను, అంత అవమానం ఏ ఆటగాడికీ జరగకూడదు. పన్ను కోత ఎంతో ఆడిటరును ముందే అడిగి, చేతికి వచ్చే మొత్తాన్నే పోస్టరు మీద వేయండి. చెల్లింపు జట్టు యజమానికి కాకుండా నలుగురు ఆటగాళ్ల ఖాతాల్లోకి విడివిడిగా, వారం లోపల వెళ్లాలి.

సంతకాలున్న స్కోరు పత్రాల ఫొటోలను ఆ రాత్రికే అన్ని జట్లకూ పంపండి. రికార్డింగులు నెల రోజులు దాచండి. రిఫరీల భత్యం హాలు తాళాలు ఇచ్చేలోగా వారి చేతిలో పెట్టండి.