టీవీలో బొమ్మ ఉంది, ఫోన్‌లో లేదు: సీసీ కెమెరా రికార్డర్ నెట్ తిప్పలు

ఫోన్‌లో కెమెరాలు రాకపోతే చాలామంది ముందు యాప్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. అయినా రాకపోతే రికార్డర్ (కెమెరాల రికార్డింగ్ దాచే డబ్బా; మామూలు కెమెరాలకు డీవీఆర్, నెట్ కేబుల్ కెమెరాలకు ఎన్వీఆర్) స్విచ్ ఆపి వేస్తారు. ఈ రెండింటితో బాగయ్యేవి తక్కువ. ముందు రికార్డర్‌కు తగిలించిన టీవీ ఆన్ చేసి చూడండి. దాంట్లో బొమ్మ వస్తుంటే కెమెరాలు, వాటి వైర్లు బాగున్నట్టే. తేడా రికార్డర్ నుంచి బయటికి పోయే దారిలో ఉంది. టీవీలోనే రాకపోతే ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్ చేసి లాభం లేదు, తేడా కెమెరా వైపు ఉంది.

దారి మొత్తం మూడు ముక్కలు: కెమెరా నుంచి రికార్డర్, రికార్డర్ నుంచి రూటర్, రూటర్ నుంచి బయటి ఇంటర్నెట్. ఏ ముక్క తెగిందో తేలాకే చెయ్యి పెట్టాలి. ఎక్కువసార్లు తెగేది నడిమి ముక్క.

నెట్ మార్చారా? అక్కడే చూడండి

హన్మకొండలోనైనా కరీంనగర్‌లోనైనా ఇది రోజూ జరిగేదే. పాత కనెక్షన్ తీసేసి కొత్త ఫైబర్ పెట్టించుకుంటారు. వైఫై బ్రహ్మాండంగా వస్తుంది, కెమెరాలు మాత్రం ఆ రోజు నుంచే 'ఆఫ్‌లైన్'. కారణం చిన్నది. పాత రూటర్ ఇంట్లోని పరికరాలకు 192.168.1 తో మొదలయ్యే అడ్రస్‌లు ఇచ్చేది. కెమెరాలు బిగించినప్పుడు రికార్డర్‌కు 192.168.1.108 లాంటి నంబర్ శాశ్వతంగా రాసిపెట్టారు. కొత్త రూటర్ వేరే వరసలో పంచుతుంది. జియో ఫైబర్ రూటర్ అడ్రస్ 192.168.29.1, అంటే ఇంట్లోవన్నీ 192.168.29 వరసలోకి వస్తాయి. రికార్డర్ మాత్రం 192.168.1.1 అనే పాత గేట్‌వేనే, అంటే పాత రూటర్ నంబర్‌నే పిలుస్తూ కూర్చుంటుంది. ఆ నంబర్‌తో ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు.

ముందు కొత్త రూటర్ నంబర్ తెలుసుకోండి. ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి, సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కితే వివరాల్లో 'గేట్‌వే' కనిపిస్తుంది. కాగితం మీద రాసుకోండి. తర్వాత రికార్డర్ దగ్గర మౌస్ కుడి బటన్ నొక్కి, మెయిన్ మెనూలో నెట్‌వర్క్ లోపల 'టీసీపీ/ఐపీ' లేదా 'జనరల్' అనే పేజీ తెరవండి. అక్కడున్న ఐపీలో (రికార్డర్ నంబర్‌లో) మొదటి మూడు అంకెల గుంపులు మీ గేట్‌వేతో కలవకపోతే దొంగ దొరికినట్టే.

తొందరగా కావాలంటే 'డీహెచ్‌సీపీ' (రూటరే నంబర్లు పంచే పద్ధతి) పక్కన టిక్ పెట్టి సేవ్ చేయండి. కొత్త రూటరే ఒక నంబర్ ఇస్తుంది, రెండు నిమిషాల్లో ఫోన్‌లో కెమెరాలు రావాలి. కానీ ఈ నంబర్ రేపు మారవచ్చు. యాప్ మాత్రమే వాడేవాళ్లకు దానితో పెద్ద నష్టం లేదు. కంప్యూటర్‌లో ఐపీ కొట్టి చూసేవాళ్లు మాత్రం నంబర్ కట్టేసుకోవాలి. జియో రూటర్ అయితే ఇలా: ఐపీ 192.168.29.200, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.29.1, డీఎన్ఎస్ (సర్వర్ పేరుకు దాని అడ్రస్ వెతికిపెట్టేది) 8.8.8.8, రెండో డీఎన్ఎస్ 1.1.1.1. రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పంచుతుందో చూసి, దానికి బయట ఉన్న నంబర్ ఎంచుకోండి. లోపలి నంబర్ పెడితే ఏదో ఒక రోజు రూటర్ అదే నంబర్‌ను ఇంకో ఫోన్‌కు ఇస్తుంది. అప్పుడు కెమెరాలు కాసేపు వస్తాయి, కాసేపు పోతాయి. ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.

మార్చాక పరీక్ష ఇలా: ఫోన్ ఇంటి వైఫైలోనే ఉంచి బ్రౌజర్‌లో ఆ ఐపీ కొట్టండి. లాగిన్ పేజీ వస్తే నడిమి ముక్క బాగైంది. రాకపోతే రికార్డర్ వెనక లాన్ (నెట్ కేబుల్) సాకెట్ చూడండి, చిన్న లైటు మినుకుమినుకుమనాలి. లైటే లేకపోతే కేబుల్ పోయిందో, రూటర్ పోర్ట్ పోయిందో. వేరే కేబుల్‌తో రూటర్‌లో వేరే పోర్ట్‌కు పెట్టి చూస్తే తేలిపోతుంది. ఫోన్ 'గెస్ట్' వైఫైలో ఉన్నా లాగిన్ పేజీ రాదు. గెస్ట్ వైఫై ఇంట్లోని మిగతా పరికరాలను చూడనివ్వదు.

పైఅంతస్తుకు సిగ్నల్ కోసం రెండో రూటర్ పెట్టుకున్న ఇళ్లలో ఇంకో చిక్కు. రికార్డర్ మీది రూటర్‌కు, ఫోన్ కింది రూటర్‌కు ఉంటే రెండూ వేర్వేరు వరసల్లో ఉంటాయి, ఫోన్‌లో లాగిన్ పేజీ రాదు. రెండో రూటర్‌ను 'యాక్సెస్ పాయింట్' మోడ్‌లో పెడితే ఇల్లంతా ఒకే వరసలోకి వస్తుంది.

ఐపీ సరే, అయినా ఆఫ్‌లైన్

రికార్డర్‌లో 'ప్లాట్‌ఫామ్ యాక్సెస్' లేదా 'పీ2పీ' పేజీ తెరవండి. కంపెనీ సర్వర్ ద్వారా రికార్డర్‌ను ఫోన్‌కు కలిపేది ఇదే, యాప్ పనిచేసేది దీని మీదే. స్టేటస్ 'ఆన్‌లైన్' అని ఉండాలి. ఐపీ అంతా సరిగా ఉండి ఇక్కడ 'ఆఫ్‌లైన్' చూపిస్తే మొదటి అనుమానం డీఎన్ఎస్ మీద. పాత కనెక్షన్ తాలూకు డీఎన్ఎస్ నంబరే అక్కడ మిగిలిపోతే రికార్డర్‌కు కంపెనీ సర్వర్ పేరు తెలిసినా దాని అడ్రస్ దొరకదు. 8.8.8.8 పెట్టి సేవ్ చేసి ఐదు నిమిషాలు ఆగండి.

రెండో అనుమానం తేదీ, టైం. లోపలి బ్యాటరీ అయిపోయిన రికార్డర్, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది. అలాంటప్పుడు సర్వర్‌తో భద్రమైన కనెక్షన్ కుదరకపోవచ్చు, రికార్డింగ్ కూడా తప్పు తేదీ కింద పడుతుంది. టైం జోన్ జీఎంటీ+5:30 పెట్టి ఎన్‌టీపీ (నెట్ నుంచి టైం తానే సరిచేసుకునే ఏర్పాటు) ఆన్ చేయండి. బోర్డు మీద బిళ్ల బ్యాటరీ ఊడదీసేలా ఉంటే మార్పించండి, సాధారణంగా అది సీఆర్2032.

పోర్ట్ ఫార్వార్డింగ్ జోలికి పోకండి

ఇంటర్నెట్‌లో పాత వీడియోలు చూసి బయటి నుంచి నేరుగా రికార్డర్‌లోకి రావడానికి రూటర్‌లో 8000, 554, 37777 పోర్టులు (నంబర్ వేసిన దారులు) తెరిచేవాళ్లు ఇంకా ఉన్నారు. 8000 హిక్‌విజన్‌ది, 37777 దహువా తరహా రికార్డర్లది, 554 వీడియో ప్రసారానిది. ఇప్పుడు చాలా ఇళ్ల కనెక్షన్లలో ఇవి తెరిచినా ఏమీ రాదు. ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తుంది. రూటర్ పేజీలో వాన్ ఐపీ (రూటర్‌కు బయటి వైపున్న నంబర్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా, 10 తో మొదలైనా మీది అలాంటి ఉమ్మడి కనెక్షనే. బయటి నుంచి వచ్చే పిలుపు మీ ఇంటి దాకా చేరదు. విడిగా స్టాటిక్ ఐపీ (మీకే సొంతంగా, మారని పబ్లిక్ అడ్రస్) కొనుక్కుంటేనే పోర్ట్ ఫార్వార్డింగ్ పనిచేస్తుంది.

కొనుక్కున్నా పోర్టులు తెరవొద్దనే మా సలహా. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని డీవీఆర్‌లు, కెమెరాలను లక్షల్లో పట్టుకుని పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే పడగొట్టింది. 2021లో హిక్‌విజన్ పరికరాల్లో పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి పోగలిగే లోపం బయటపడింది. ఇంటికి యాప్ చాలు. రూటర్‌లోనూ రికార్డర్‌లోనూ 'యూపీఎన్‌పీ' (పోర్టులను వాటంతట అవే తెరిపించే ఏర్పాటు) ఆపేయండి. ఫర్మ్‌వేర్ (రికార్డర్ లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది ఉంటే ఎక్కించండి, కానీ కరెంటు నమ్మకంగా ఉన్న పూట మాత్రమే. మధ్యలో పోయిందంటే రికార్డర్ లేవకపోవచ్చు.

ఇక ఫైబర్ డబ్బా మీద 'ఎల్ఓఎస్' (సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు ఎర్రగా వెలుగుతుంటే మీ సెట్టింగులతో పనిలేదు. బయట ఫైబర్ తెగింది. కాజీపేట, హన్మకొండ కాలనీల్లో దీనికి ఒక కారణం కోతులు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సన్నటి తీగను పట్టుకుని ఊగుతాయి. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి 'ఎల్ఓఎస్ రెడ్' అని చెప్పండి, అవతలివాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

టీవీలోనే రాకపోతే

ఎన్వీఆర్ వెనకే కెమెరా కేబుళ్లు దిగే పీఓఈ (నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే) పోర్టులు ఉన్న మోడల్ అయితే ఒకటి తెలుసుకోవాలి. ఆ కెమెరాలు మీ వైఫై వరసలో ఉండవు. హిక్‌విజన్ వాటికి 192.168.254 వరస ఇస్తుంది, దహువా 10.1.1 వరస ఇస్తుంది. ఫోన్ నుంచి కెమెరా ఐపీ నేరుగా కొడితే తెరుచుకోకపోవడం జబ్బు కాదు. కెమెరాను ఒక పోర్ట్ నుంచి తీసి ఇంకోదానికి పెట్టినప్పుడు 'పాస్‌వర్డ్ ఎర్రర్' వస్తే, ఆ ఛానల్ ఎడిట్ తెరిచి కెమెరాకు పెట్టిన పాస్‌వర్డ్ చేత్తో కొట్టాలి. తప్పు పాస్‌వర్డ్ వరసగా కొడుతూ పోతే పరికరం తాళం వేసుకుంటుంది. అలాంటప్పుడు ఒక అరగంట వదిలేయండి.

పొద్దంతా బాగుండి చీకటి పడగానే పోయే కెమెరా ఉందనుకోండి, అది నెట్‌వర్క్ సమస్య కాదు. రాత్రి ఐఆర్ లైట్లు (చీకట్లో కెమెరాకు చూపునిచ్చేవి) వెలిగి కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ అయితే దూరం పోయేకొద్దీ వోల్టేజ్ పడిపోయి కెమెరా మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. డీవీఆర్ కెమెరాలైతే చీకటి పడ్డాక, కెమెరా తగిలించి ఉండగానే దాని చివర మల్టీమీటర్ పెట్టండి. 12 వోల్టులకు 11 కూడా రాకపోతే కేబులో, ఎస్ఎంపీఎస్సో (కెమెరాలకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై) మార్చాలి. పీఓఈకి మాత్రం అసలు రాగి క్యాట్6 వాడండి, 100 మీటర్లు దాటనివ్వకండి.

వాన పడ్డ మర్నాడే పోయే కెమెరాకు కనెక్టర్ విప్పి చూడండి. ఆర్‌జే45 (నెట్ కేబుల్ కొసన ఉండే ప్లగ్గు) లోపలి బంగారు రంగు పిన్నుల్లో ఒకటి రెండు నల్లబడో, ఆకుపచ్చ బూజు పట్టినట్టో ఉంటాయి. తడిలో కరెంటు పారి పిన్ను తినేసింది. తుడిస్తే నాలుగు రోజులు నడుస్తుంది, అంతే. రెండంగుళాలు కోసేసి కొత్తది క్రింప్ చేయండి (పనిముట్టుతో నొక్కి బిగించండి). క్లిప్పు కిందికి పెట్టి ఎడమ నుంచి వరస: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. రెండు కొసలా ఇదే వరస. జాయింటును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కేబుల్ కింది నుంచి లోపలికి వచ్చేలా బిగించండి. పైనుంచి వస్తే నీళ్లు దాని వెంబడే దిగుతాయి.

ఖాతా ఎవరిది?

అన్నీ సరిగా ఉండి, యాప్‌లో రికార్డర్ కలపబోతే 'ఈ పరికరం వేరే ఖాతాలో ఉంది' అని వస్తే, బిగించినవాళ్లు తమ ఖాతాలో పెట్టుకుని మీకు షేర్ చేశారన్న మాట. అసలు యజమాని ఖాతా వాళ్లదే. వాళ్ల ఫోన్ నుంచి డిలీట్ చేయించి మీ ఖాతాలో కలుపుకోండి. కొన్ని కొత్త మోడళ్లలో రికార్డర్ మెనూలోనే 'అన్‌బైండ్' ఉంటుంది. సీరియల్ నంబర్, వెరిఫికేషన్ కోడ్, అడ్మిన్ పాస్‌వర్డ్ ఈ మూడూ బిగించిన రోజే మీ చేతికి రావాలి. వాటిని రికార్డర్ మీద అంటించకండి, దొంగ ముందు ఎత్తుకుపోయేది దాన్నే.

వస్తున్నాయి కానీ ఆగి ఆగి వస్తున్నాయంటే, యాప్‌లో 'మెయిన్ స్ట్రీమ్' (పూర్తి నాణ్యత) బదులు 'సబ్ స్ట్రీమ్' (తక్కువ నాణ్యత) ఎంచుకోండి. మెయిన్ స్ట్రీమ్ కెమెరాకు 4 ఎంబీపీఎస్ అనుకుంటే నాలుగింటికి మీ ఇంటి నుంచి 16 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి. 512 కేబీపీఎస్ సబ్ స్ట్రీమ్ అయితే నాలుగూ కలిపి 2 ఎంబీపీఎస్. అదైనా గంటకు సుమారు 900 ఎంబీ డేటా తాగుతుంది, రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లు లెక్క చూసుకోవాలి.

ఊరికి పోయే ముందు రోజు ఇంట్లోనే ఫోన్ వైఫై ఆపి, మొబైల్ డేటాతో ఒక్కో కెమెరా తెరిచి చూడండి. తర్వాత రూటర్, రికార్డర్ రెండింటి స్విచ్‌లూ ఆపి ఒకేసారి వేసి, ఐదు నిమిషాలకు మళ్లీ చూడండి. కరెంటు పోయి వచ్చాక వాటంతట అవే లేస్తాయో లేదో అప్పుడే తెలుస్తుంది. మేడారం జాతరలో గద్దెల దగ్గర నిలబడి యాప్ తెరిస్తే మాత్రం రాకపోయినా కంగారు పడకండి. అన్ని లక్షల మందిలో మీ ఫోన్‌కే సిగ్నల్ అందకపోవచ్చు, తాడ్వాయి దాటాక చూడండి.